పచ్చకొండ మీద గుడ్లగూబ

మస్కట్‌లో చలికాలమంటే రాత్రిళ్లు ఫ్యాను ఆపుకుని పడుకునే కాలం. రెండేళ్లుగా ఇక్కడి ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్న నేను ఇంటికి రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఇదే మాట రాశాను. అలాంటి దేశంలో, డెబ్బై ఎనిమిది జనవరిలో, చీలమండల దాకా మంచు తొక్కి వచ్చానంటే మా రేపల్లెలో ఎవరూ నమ్మరు. వాళ్ల సంగతి అలా ఉంచండి, నాకే ఇంకా నమ్మకం కుదరలేదు. వెళ్లింది పిట్టలను చూడడానికి. తిరిగొచ్చేటప్పటికి నా ఒళ్లో నేను కొనుక్కున్న బిడ్డ ఉన్నాడు.

రువి

మస్కట్‌లో రువి పేటలోని మా ఆస్పత్రిలో ఇంగ్లండు డాక్టరమ్మ ఒకావిడ ఉంది. యాభై దాటిన మనిషి. మొగుడూ పిల్లలూ లేరు, పిట్టలున్నాయి. సెలవు దొరికితే చాలు, దుర్భిణి మెడలో వేసుకుని వాగుల వెంట తిరుగుతుంది. ఈసారి జబల్ అఖ్దర్ కొండ ఎక్కుతానని, ఊళ్లలో ఆడవాళ్లతో అరబ్బీ మాట్లాడే మనిషి తోడు కావాలని నన్ను అడిగింది. నా అరబ్బీ వార్డు అరబ్బీ. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లనుంచి, నోరు తెరువు, అంతవరకే. అయినా సరేనన్నాను.

మా మేనత్తది కైకలూరు. అక్కడ చలికాలం వస్తే కొల్లేటి బాతులను కావిడికి వేలాడదీసి ఇంటింటికీ తెచ్చి అమ్ముతారు. ఆ అలవాటుకొద్దీ, "తుపాకీ ఎవరు తెస్తున్నారు డాక్టర్?" అని అడిగేశాను. ఆవిడ ముఖం పాలిపోయింది. చంపడానికి కాదట, తినడానికి కాదట, పట్టుకోవడానికి కూడా కాదట. ఊరికే చూసి వచ్చేయడమట. అందుకోసం రెండు రోజులు కొండెక్కాలట. నేను వినలేదనుకుని ఆవిడ మళ్లీ చెప్పింది.

జీపులో నా ఒళ్లో ఒక రేకు డబ్బా పెట్టింది. జాగ్రత్తగా పట్టుకోమంటే మందులేమో అనుకున్నాను. దారిలో మూత తీసి చూద్దును కదా, తవుడు. ఆ తవుట్లో లుకలుకలాడుతూ పసుప్పచ్చటి పురుగులు. పిట్టలను దగ్గరికి రప్పించడానికి ఇంట్లో పెంచుతుందట. గబుక్కున మూత పెట్టేశాను. డ్రైవరు దూర్ మొహమ్మద్ అద్దంలోంచి నన్ను చూసి నవ్వాపుకుంటున్నాడు. అతను బలూచీ, నాతో ఉర్దూలో మాట్లాడతాడు. "సిస్టర్, పోయినసారి ఈ డబ్బా నా సీటు కింద ఒలికింది. నెల్లాళ్లు ఏరాను" అన్నాడు.

నిజ్వా

నిజ్వాలో శుక్రవారం పొద్దున మేకల సంత. మన దగ్గర గొడ్డును కట్టేసి మనుషులు చుట్టూ తిరుగుతారు. ఇక్కడ మనుషులు గుండ్రంగా గట్టు మీద కూచుంటారు, అమ్మేవాళ్లు మేకల్ని చంకనేసుకుని వాళ్ల ముందు తిరుగుతూ ధర అరుస్తారు. మన సంతల్లో కండువా కింద వేళ్లు పట్టుకుని గుట్టుగా చేసే బేరం ఇక్కడ ఊరంతా వినేలా కేకలతో జరుగుతుంది. ఆడవాళ్లు కూడా ముఖానికి ముసుగుతోనే మొగవాళ్లను గద్దించి ధర తగ్గిస్తున్నారు. ఒక మేక ధర చెవిన పడి గుండె గుభేలుమంది. ఆ డబ్బుకి మా ఊళ్లో పాడి గేదె వస్తుంది.

హల్వా ఒక చిన్న మట్టి చిప్పలో కొనుక్కున్నాం. కుంకుమపువ్వు, నెయ్యి, యాలకులు. చేతికి అంటుకుంటే సబ్బుతో గాని వదలదు. రుచి మాత్రం, మా బందరు హల్వా మీద ఒట్టేసి చెప్తున్నాను, తక్కువేమీ కాదు.

కొండ కింద క్యాంపు

కొండ మొదట్లో రోడ్డు పని జరుగుతోంది. ఈ దేశంలో రోడ్లన్నీ ఈ ఏడెనిమిదేళ్లలో వేసినవే, ఇంకా వేస్తూనే ఉన్నారు. జీపు రేడియేటరులో నీళ్ల కోసం ఆగితే రేకుల షెడ్డులోంచి పోపు వాసన వచ్చింది. వెల్లుల్లి, ఎండుమిరప. కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషి నా చీర చూసి, "ఏ ఊరక్కా మీది?" అన్నాడు. రేపల్లె అన్నాను. "గుంటూరు దిక్కా. మాది జగిత్యాల దిక్కు. నన్ను పెంటయ్య అంటరు. కూసోండ్రి, అన్నం తినిపోదురు."

పచ్చిపులుసు, అన్నం, పెసరపప్పు. డాక్టరమ్మ చెంచాతో పచ్చిపులుసు తాగి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎందుకు పైకి వెళ్తున్నామో చెబితే పెంటయ్య ఎగాదిగా చూశాడు. "పిట్టల్ని సూడనీకి గంత దూరమా? దసరాకు డ్యూటీల ఉండి పాలపిట్టను సూడలే మేము. మొన్న గీ సైట్ కాడ తీగ మీద వచ్చి కూసుంది. అందరం పని బంద్ జేసి మొక్కినం. ఫోర్‌మన్ మస్తు తిట్టిండు."

ఆ పేరేమిటి పెంటయ్యా అని అడిగాను, తెలిసే అడిగాను. "నాకంటే ముందు పుట్టినోళ్లు ముగ్గురు దక్కలే అక్కా. నన్ను పుట్టంగనే పెంట మీద పెట్టి, పక్కింటామెతోని చాటెడు తవుడు ఇప్పిచ్చి అమ్మిర్రు. మా అవ్వ పిల్లగాన్ని గాను ఇగ, గామె పిల్లగాన్ని. సావు వచ్చి మా ఇల్లు దేవులాడుకొని పోయిందన్నట్టు." మా మేనమామకూ అంతే. బాప్తిస్మంలో దానియేలు అని పెట్టారు గాని, గుడిలో పాస్టరు తప్ప ప్రపంచమంతా ఆయన్ని తవిటయ్య అనే పిలుస్తుంది. ఈ మాట చెప్తే పెంటయ్య సంతోషించి దుప్పటి ఒకటి ఇచ్చాడు. "పైన సలికి పానం పోతది, కొంచవోండ్రి" అన్నాడు.

పచ్చకొండ

జబల్ అఖ్దర్ అంటే పచ్చని కొండ అని అర్థం. నేను చూసిన కొండకు పచ్చదనం ఏ మూలా లేదు. ఒకటే బోడి రాళ్లు, పక్కన అడుగు కనబడని లోయ. నేను కీర్తనలు పాడుకుంటూ కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి నేలంతా తెల్లగా ఉంది.

ముందు ఉప్పు మళ్లు అనుకున్నాను. మాది సముద్రం పక్క ఊరు. తెల్లగా ఎండలో మెరిసేది ఏదైనా మాకు ఉప్పే. కొండ మీద ఉప్పెవరు పండిస్తారని కూడా ఆలోచించకుండా దిగి, చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాను. చప్పగా, నీళ్లయిపోయింది. పళ్లు జివ్వుమన్నాయి. దూర్ మొహమ్మద్ ఇలాంటిది తన జన్మలో రెండోసారి చూడడమట. నేను చెప్పులేసుకుని వచ్చాను. ఒమన్‌కి ఎవరైనా మేజోళ్లు తెచ్చుకుంటారా?

పిట్టల మాట చెప్పకపోతే డాక్టరమ్మకు కోపం వస్తుంది. దానిమ్మ చెట్లు ఆకులు రాల్చి నిలబడి ఉంటే, ఒక్కో కొమ్మకు ఒళ్లంతా ఉబ్బించుకుని బంతుల్లా పిగిలిపిట్టలు. మంచు మీద తోకాడించుకుంటూ పరుగెత్తే పిట్ట ఒకటి రష్యా నుంచి వచ్చిందట. తెల్ల రాబందు ఒకటి మా తలల మీదుగా ఎంత కిందుగా పోయిందంటే రెక్కల చప్పుడు వినబడింది. డాక్టరమ్మ పురుగుల డబ్బా తీసి రాతి మీద నాలుగు పురుగులు పెట్టింది. ఒక నల్లపిట్ట ఎగిరొచ్చి నా చెప్పుకి జానెడు దూరంలో నిలబడి, నన్ను ఒకసారి చూసి, పురుగును ఎత్తుకుపోయింది. ఎందుకో నాకు కళ్లు చెమర్చాయి. పిట్టను కూరగా తప్ప ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

సంధ్యవేళ

మెట్లు మెట్లుగా చేలు, వాటిపైన రాతి ఇళ్లు. ఆ ఊళ్లో అతిథుల గది మాకిచ్చారు. ఊరి పెద్దమనిషి ఒకడు పోసిన కహ్వా అనే కాఫీ, ఖర్జూరం, ఎండబెట్టిన అక్రోట్లు. కప్పు ఊపితేగాని పోయడం ఆపరు, అది తెలియక నేను ఆరు కప్పులు తాగాను.

పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ కేసెట్ రికార్డరు పట్టుకుని బయటికి నడిచింది. ఈ కొండ చరియల్లో ఇంతవరకూ ఎవరూ చూడని గుడ్లగూబ ఒకటి ఉందని ఆవిడ నమ్మకం. వేరే దేశంలో ఎవరో పట్టిన కూత ఆ కేసెట్‌లో ఉంది. దాన్ని వినిపిస్తే నిజం పక్షి జవాబు చెబుతుందట. ఒక ఇంటి గోడ పక్కన గాలి తగలని చోటు చూసుకుని మీట నొక్కింది. హూ... హు హు హూ. గొంతు లోయలోకి పోయి తిరిగొచ్చింది. ఇంకోసారి నొక్కింది.

ఆ ఇంట్లోంచి ఒక ఆడమనిషి కేక వినబడింది. తలుపు దబ్బున పడింది. వరసగా ఊళ్లో తలుపులన్నీ పడ్డాయి. దూర్ మొహమ్మద్ పరుగెత్తుకొచ్చి ఆ పెట్టెను డాక్టరమ్మ చేతిలోంచి లాక్కున్నాడు. యజమాని మీద అతను చెయ్యి వేయడం నేను చూడడం అదే మొదలు.

"ఏం పని చేశారు మేడమ్. ఆ ఇంట్లో మూడు నెలల పిల్లాడు, వాంతులు విరేచనాలతో ఉన్నాడు. మీరు ఉమ్ అస్సుబ్యాన్‌ని వాళ్ల గుమ్మంలోకి పిలిచారు."

ఉమ్ అస్సుబ్యాన్ అంటే చంటిపిల్లలను ఎత్తుకుపోయేదట. గుడ్లగూబ రూపంలో వచ్చి గోడ పక్క కూస్తుందట. డాక్టరమ్మ అయోమయంగా నావైపు చూసింది. నాకు మాత్రం ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు. పక్షి నీడ పడిందని, దోషం తగిలిందని, వాడిపోయిన పిల్లల్ని భుజాన వేసుకుని మా ఊరి ఆస్పత్రికి ఆఖరి గడియలో వచ్చే తల్లులను ఎంతమందినో చూశాను. ఆ సాయంత్రం ఎంత తలుపు తట్టినా వాళ్లు తీయలేదు.

తెల్లవారు

వెలుగు రాగానే నేను మళ్లీ వెళ్లాను. ఆడమనిషిని గనక, నర్సునని దూర్ మొహమ్మద్ బయటినుంచి పదిసార్లు చెప్పాడు గనక, తలుపు తీశారు. తల్లి పేరు జువైనా. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. మొగుడు అబూధాబిలో పనికి పోయాడు. ఇంట్లో అత్తగారిదే పెత్తనం.

పిల్లాణ్ణి నా ఒళ్లోకి తీసుకుని చూశాను. నడినెత్తి మాడ గుంటపడి ఉంది. పొట్ట చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. ఏడుస్తున్నాడు గాని కన్నీళ్లు లేవు. పొట్ట మీద కాల్చిన వాత. మన దగ్గరా పెడతారు వాతలు, కొత్తేం కాదు. డాక్టరమ్మను లోపలికి పిలిచాను. ఆవిడ ఒక్క చూపు చూసి, "సాయంత్రం లోపు సెలైన్ ఎక్కించకపోతే దక్కడు. ఇప్పుడే దిగాలి" అంది.

అత్తగారు తలుపుకు అడ్డంగా కూచుంది. "అది బయట ఉంది. మూడు రోజులు గడప దాటించం."

ఆ కూత పెట్టెలోది మాత్రమేనని చూపిస్తే సరిపోతుందనుకున్నాను. రికార్డరు తెప్పించి, జువైనా వేలుతోనే మీట నొక్కించాను. పెట్టె హూ అంది. జువైనా ఉలిక్కిపడి, మళ్లీ నొక్కి, కొంచెం నవ్వింది. అత్తగారు పెట్టె మీద చెయ్యి వేసి చూసింది. ఇక లేస్తారనుకుంటుండగా ఎదుటి చరియ మీంచి, పెట్టె ఆపి ఉండగానే, జవాబు వచ్చింది. హూ... హు హు హూ.

నిజం గుడ్లగూబ. డాక్టరమ్మ ఏళ్ల తరబడి వెతుకుతున్న పక్షి. ఆవిడ ముఖం దీపంలా వెలిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. కాని ఆవిడ దుర్భిణి వైపు చెయ్యి చాపలేదు. అది ఆగకుండా కూస్తూనే ఉంది, ఆవిడ పిల్లాడి నోట్లో చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పోస్తూనే ఉంది. ఒక్కసారి కూడా కిటికీ వైపు తిరగలేదు.

"విన్నారుగా," అంది అత్తగారు. "జువైనా కొడుకు కోసం వచ్చింది. జువైనా కొడుకుని తీసుకునే పోతుంది."

జువైనా కొడుకు. ఆ మాట దగ్గర నాకు పెంటయ్య గుర్తొచ్చాడు. ఏం చేస్తున్నానో పూర్తిగా ఆలోచించుకోకుండానే జీపు దగ్గరికి పరుగెత్తి రేకు డబ్బా తెచ్చాను. పురుగులు ఏరి మంచులో పారేసి, ఒక గుప్పెడు తవుడు అత్తగారి ముందు పోశాను. "ఉమ్మీ, అమ్మా, ఈ పిల్లాణ్ణి నాకు అమ్మండి. మా దేశంలో ఇలాగే అమ్ముతారు. అమ్మేశాక వాడు జువైనా కొడుకు కాడు. అది ఎవరికోసం వచ్చిందో ఆ పిల్లాడు ఈ ఇంట్లో ఉండడు."

నా వార్డు అరబ్బీ చాలక దూర్ మొహమ్మద్ బయటినుంచి మళ్లీ చెప్పాడు. మా పాస్టరుగారు వింటే నన్ను ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టుకోనివ్వరు. ముసలావిడ తవుడు వేలితో కెలికి చూసింది. నన్ను చూసింది. "ఇంతేనా?" అంది. "మగపిల్లాడు."

ఆవిడ బేరమాడుతోంది. ఇంకో గుప్పెడు పోశాను. చాలదంది. డబ్బా మొత్తం బోర్లించాను. అప్పుడు లేచి, ఇద్దరు సాక్షులు కావాలంది. దూర్ మొహమ్మద్ ఒకడు, కహ్వా పోసిన పెద్దమనిషి ఒకడు. వాళ్లిద్దరూ బయట నిలబడి, నిజ్వా సంతలోలాగే, ఎదుటి చరియకు వినబడేలా అరిచారు. జువైనా కొడుకుని ఇండియా నర్సు కొన్నది. వాడిక ఆమె కొడుకు.

ముసలావిడ పిల్లాణ్ణి తెచ్చి నా చేతుల్లో పెట్టి, గడపలోంచి పక్కకు జరిగింది.

దిగేదారి

జువైనా మాతో జీపెక్కింది, కాని నా పక్కన కాదు, వెనక చివర. నీళ్లు పట్టినందుకు పిల్లాడికి కొంచెం శక్తి వచ్చి పాలకోసం గుక్కపెట్టి ఏడ్చాడు. ఆవిడ గుడ్డ పాలతో తడిసిపోయింది. అయినా ముఖం అటే తిప్పుకుని ఉంది. పాలివ్వమన్నాను. "నీ కొడుకు" అంది. ఉత్తుత్తి ఆట అది, ఊళ్లోంచి బయటపడడానికే అని చెప్పబోయాను. ఆవిడ నా నోటిమీద చెయ్యి అడ్డం పెట్టి కొండవైపు చూపించింది. ఉమ్ అస్సుబ్యాన్ వింటుందట.

నేను తవుడు పోసి తలుపు తీయించాననుకున్నాను. ఆవిడ కొడుకును ఇచ్చేసింది. రెండింటికీ ఉన్న తేడా ఆ జీపులో, ఆకలికి అల్లాడిపోతున్న పిల్లాణ్ణి పట్టుకుని కూచుంటేగాని నాకు తెలియలేదు. డాక్టరమ్మ ఇంగ్లీషులో కేకలేసింది. నేను బతిమాలాను. జువైనా ఏడుస్తూ తల అడ్డంగా ఊపింది.

దారి చూపించింది దూర్ మొహమ్మద్. రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, "సిస్టర్, మాలో ఒకరి బిడ్డకు ఇంకొకరు పాలివ్వడం ఉంది. ఆవిణ్ణి పాలతల్లిగా పెట్టుకోండి. అడగండి, బిడ్డ మీదేనని చెప్పి అడగండి" అన్నాడు.

అడిగాను. గట్టిగా, కొండకు వినబడేలా. "జువైనా, నా కొడుక్కి ఆకలేస్తోంది. నాకు పాలు లేవు. వీడికి పాలిస్తావా?"

ఆవిడ చేతులు చాచింది. పరాయి బిడ్డను అందుకున్నట్టు మొహమాటంగా అందుకుంది. వాడు నోరు పెట్టగానే ముసుగు కప్పేసుకుంది. ముసుగు కింద భుజాలు కదలడం మాత్రం కనబడింది. దూర్ మొహమ్మద్ వెనక కనబడకుండా అద్దాన్ని పైకి తిప్పేశాడు.

మస్కట్

వాడు బతికాడు. మూడోరోజుకి సెలైన్ తీసేశాం. అయిదోరోజుకి నా టోపీ లాగాడు. వార్డులో మిగతా నర్సులు "మీవాడికి ఒళ్లు చేసింది" అని ఏడిపించారు. జువైనా అన్ని రోజులూ పాలతల్లిగానే ఉంది. నన్ను అడగనిదే వాణ్ణి ఎత్తుకోలేదు. నైట్ డ్యూటీ చేసి నేను నిద్రపోతుంటే లేపి అడిగేది.

పంపించే రోజు, "ఇక నీ కొడుకుని తీసుకో" అన్నాను. ఆవిడ ముందే సిద్ధంగా ఉంది. ఆస్పత్రి వంటవాళ్ల దగ్గర పిండి జల్లించి తవుడు తెచ్చుకుంది. నా అరచేతిలో పోసింది. అప్పుడు మొట్టమొదటిసారి వాణ్ణి కళ్లారా చూసుకుని, పేరుపెట్టి పిలిచి, ముద్దు పెట్టుకుంది. వాడి పేరు ఖమీస్ అని నాకు అప్పుడే తెలిసింది.

వెళ్లబోతూ ఆగింది. "నీకు పిల్లలు లేరా?"

"ఒక కూతురు. మూడో ఏడు."

"ఎక్కడుంది?"

"మా అక్క దగ్గర."

ఆవిడ ముఖంలో దిగులు. నా పక్కన బల్లమీద కూచుంది. "మీ అక్కను అమ్మా అంటుందా?"

"అంటుంది." పోయిన ఉత్తరంలో అక్క సంతోషంగా రాసింది ఆ మాట.

"మరి మీ అక్క ఏమిచ్చి కొన్నది?"

అమ్మలేదని చెప్పాను. ఇక్కడ ఉద్యోగం, ఆస్పత్రి ఇచ్చిన గదుల్లో పిల్లలను ఉండనివ్వరు, డబ్బు కావాలి, వార్డు అరబ్బీలో ఎంత చెప్పగలనో అంత చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. అర్థం కాలేదు. బిడ్డ వేరొకరింట్లో ఉంది, వేరొకరిని అమ్మా అంటోంది, అలాంటప్పుడు ఎవరో ఏదో ఇచ్చే ఉండాలి గదా అని నాకేసి చూస్తూ కూచుంది. అంతమంది రోగుల ముందు ఏడ్చేశాను.

జువైనా లేచింది. తవుడున్న నా చేతిని పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే మూసింది. "ఇది దాచుకో. వెళ్లినప్పుడు మీ అక్కకు ఇచ్చి తెచ్చుకో" అంది. ఖమీస్‌ను భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ పూట వార్డులో పని అంతా నేను, ఆ పిడికిలి విప్పకుండా, ఒంటి చేత్తోనే చేశాను.